లేత్ మళ్లీ తిరుగుతోంది బావా

దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్
ఆదివారం సాయంత్రం

ఒరేయ్ బావా,

లేత్ అమ్మొద్దు. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నింపాదిగా రాసుకోవచ్చు.

మొన్న ఫోన్‌లో నువ్వు ఆ ప్రస్తావన తెచ్చింది నా మీద ప్రేమతోనే అని తెలుసు. "చేతులు ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, తిరిగే మిషన్ దగ్గర నీకెందుకురా, ఎవరైనా పాలిటెక్నిక్ కుర్రాడికి ఇచ్చేద్దాం" అన్నావు. లేత్‌లో సగం డబ్బు నీది, అడిగే హక్కూ నీదే. పక్కనే మీ చెల్లెలు వింటోంది, ఆవిడదీ నీ మాటే. అందుకని అప్పుడు ఊరుకున్నాను. ఇప్పుడు మేడమీద రేకుల షెడ్డులో ఒక్కణ్ణే కూర్చుని రాస్తున్నాను. లేత్ మీద కప్పిన దుప్పటి తీసేసి చాలాకాలమైంది. బెల్టు కొత్తది వేశాను. బేరింగుల చప్పుడు సరిచేయించాను. నువ్వు అనుకుంటున్నట్టు అది మూలన పడి తుప్పు పట్టడం లేదు.

నువ్వు అమెరికాలోని ఇర్వింగ్ వెళ్లిపోయాక జరిగింది నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. వానాకాలంలో పొట్ట చెడింది, రెండు మాత్రలతో తగ్గింది. ఆ తర్వాత అరికాళ్లలో తిమ్మిరి మొదలైంది. మెట్లెక్కుతుంటే మోకాళ్లు నిలవలేదు. అది పైకి పాకి చేతుల్లోకి వచ్చేసరికి చొక్కా గుండీ పెట్టుకోవడం కూడా నా వల్ల కాలేదు. డాక్టర్లు గియాన్ బారే సిండ్రోమ్ అన్నారు. 2025 జనవరిలో పుణెలో కేసులు ఒక్కసారిగా పెరిగి పేపర్లన్నీ జీబీఎస్, జీబీఎస్ అని రాశాయి చూడు, అదే. లోకానికి ఆ పేరు తెలిసేనాటికి నేను దానితో కొన్ని నెలలు కాపురం చేసి ఉన్నాను.

ఒంటిని కాపాడాల్సిన వ్యవస్థే పొరబడి నరాల మీద పడుతుంది. నరం చుట్టూ ఉండే పొర దెబ్బతింటే మెదడు పంపిన కబురు కండకి చేరదు. వేలు తాకిన కబురూ మెదడుకి సరిగా రాదు. ఇమ్యూనోగ్లోబ్యులిన్ అనే మందు ఐదు రోజులపాటు రక్తంలోకి ఎక్కించారు. ఎక్కువమంది కోలుకుంటారని అప్పుడే చెప్పారు. కాని పొరతోపాటు లోపలి తీగె కూడా తెగితే, అది మళ్లీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు అట. మోచేతి నుంచి వేలి కొస దాకా నువ్వే కొలుచుకో, ఎంత ఓపిక కావాలో తెలుస్తుంది. మన ఇద్దరి లెక్కలూ ఎప్పుడూ మిల్లీమీటర్లలోనే కదా, అందుకని ఆ మాట నాకు వెంటనే బోధపడింది. ధైర్యం కూడా వచ్చింది. రోజూ ఒక మిల్లీమీటరంటే పని జరుగుతోందన్నమాటే.

ఫిజియోథెరపీకి ఎల్.బి.నగర్ వెళ్లేవాణ్ణి. దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్‌లో లిఫ్టు ఎక్కి, మెట్రోలో చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటితే ఎల్.బి.నగర్. 2018 సెప్టెంబర్ 24న ఆ లైను మన వైపు వచ్చినప్పుడు నువ్వెంత సంబరపడ్డావో గుర్తుందా? అంతకుముందు మీ ఇంట్లో లేత్ ఉన్న రోజుల్లో నేను చెక్కముక్కల సంచి పట్టుకుని కొత్తపేట పండ్ల మార్కెట్ ముందు లారీల మధ్య బస్సులో ఇరుక్కుని వచ్చేవాణ్ణి. ఇప్పుడు ఆ మార్కెట్టూ అక్కడ లేదు, బాటసింగారం తరలిపోయింది. మామిడికాయల కాలంలో ఆ దారంతా వచ్చే వాసన కూడా పోయింది. మెట్రోలో నిలబడి స్టీలు కడ్డీ పట్టుకోవడమే మొదట్లో నాకు సగం వ్యాయామం. రైలు ఆగేటప్పుడు పట్టు జారకపోతే ఆ రోజు బాగున్నట్టు లెక్క.

ఫిజియోథెరపీ అమ్మాయి నా చేతికి మెత్తటి ముద్ద ఇచ్చి పిసకమనేది, చిన్న చిన్న చెక్క మేకులు తీసి చిల్లుల్లో పెట్టమనేది. చేసేవాణ్ణి. ఒకరోజు ఆ మేకుల్లో ఒకటి తిప్పి చూస్తూ, ఇది లేత్ మీద చేసిందే, ఉలి సరిగా నూరలేదు అన్నాను. ఆమె నా మాట పట్టుకుని వివరాలన్నీ అడిగింది. లేత్ సంగతి, దాని మీద మనం చేసిన చెక్క పెన్నుల సంగతి చెప్పాను. "అయితే ఈ మేకులెందుకు సార్, మీకు ఇంట్లోనే మంచి పనుంది కదా, డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి" అంది. బావా, అప్పటిదాకా అందరూ ఏమేం మానేయాలో చెప్పినవాళ్లే. మొదలుపెట్టమన్నది ఆమె ఒక్కతే.

తర్వాత చదివితే తెలిసింది, పనినే వైద్యంగా చేయించడం ఆమె సొంత ఆలోచనే కాదు, దీనికి పాత చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికుల కోసం లండన్‌లో షెపర్డ్స్ బుష్ అనే చోట సర్ రాబర్ట్ జోన్స్ ఆధ్వర్యంలో ఆర్థోపెడిక్ ఆస్పత్రి 1916లో తెరిచారు. అందులో వడ్రంగం, లోహపు పని లాంటి వర్క్‌షాపులు పెట్టి, దెబ్బతిన్న కీలుకీ కండకీ ఏ పని సరిపోతుందో చూసి ఆ పని అప్పగించేవారు. అదే 1916లో ఫ్రాన్స్‌లో గియాన్, బారే, స్ట్రోల్ అనే ముగ్గురు డాక్టర్లు ఇద్దరు సైనికుల్లో ఈ నరాల జబ్బును చూసి రాశారు. నా జబ్బు గురించి వాళ్లు రాసిన ఏడాదే, నాకు పనికొచ్చే వైద్యానికి చోటు దొరికిందన్నమాట. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

మొదలుపెట్టడమంటే వెంటనే ఉలి పట్టడం కాదు. ముందు ఎత్తు సరిచేసుకోవాలి. మనం నిలబడి పనిచేసేవాళ్లం, స్పిండిలు మోచేతి ఎత్తులో ఉండేలా స్టాండు చేయించాం. నేనిప్పుడు ఎక్కువసేపు నిలబడలేను. సాగర్ రింగ్ రోడ్డు దగ్గర వెల్డింగ్ షాపులో కొత్త స్టాండు చేయించాను. స్టూలు మీద కూర్చుంటే నా మోచెయ్యి ఎక్కడుంటుందో అక్కడికి స్పిండిలు వచ్చేలా కొలతలిచ్చాను. స్విచ్చు కాలి దగ్గరికి దించాను, చెయ్యి ఆలస్యం చేసినా కాలు ఆపుతుంది. ఉలి పిడులకి పాత సైకిల్ ట్యూబు చుట్టాను. సన్నటి పిడి నా పిడికిట్లో నిలవదు, లావైతే నిలుస్తుంది. ఇవన్నీ చూసి మీ చెల్లెలు గ్లవ్స్ కూడా కొనిచ్చింది. అవి మాత్రం వద్దన్నాను. తిరిగే లేత్ దగ్గర గ్లవ్సు, పొడుగు చేతుల చొక్కా, ఉంగరం, ఏదైనా సరే చేతిని లోపలికి లాగేస్తుంది. పొట్టి చేతుల బనీను, కళ్లద్దాలు, మాస్కు. అంతే.

మాస్కు సంగతి నీకు గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే మనమిద్దరం దాన్ని లెక్కచేసేవాళ్లం కాదు. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే క్యాన్సర్ కలిగించేవాటిలో చేర్చింది. రోజ్‌వుడ్ పొడికి నీ చేతుల మీద దద్దుర్లు లేచేవి గుర్తుందా? ఇప్పుడు షెడ్డుకి ఎగ్జాస్టు ఫ్యాను పెట్టించాను. సాండ్‌పేపరు పట్టేటప్పుడు మాస్కు లేకుండా లేత్ తిప్పను. నువ్వూ అక్కడ ఎప్పుడైనా మొదలుపెడితే ఇది పాటించు.

ఇక అసలు సంగతి. లేత్ మీద తిరుగుతున్న చెక్కని మనం కంటితో కంటే వేళ్లతో ఎక్కువ చూసేవాళ్లం. మిషన్ ఆపి బొటనవేలితో రాస్తే ఎక్కడ గుబ్బ ఉందో, ఎక్కడ పల్లం పడిందో తెలిసేది. నా వేలికొసలకి ఇప్పుడు అది సగమే తెలుస్తుంది. నునుపూ గరుకూ ఒకేలా ఉంటాయి. ఇంకో ప్రమాదం, వేడి తెలియదు. సాండ్‌పేపరు కాలుతున్నా వేలు చెప్పదు. అందుకని కాగితాన్ని వేలితో నొక్కడం మానేసి పొడుగు పట్టీగా కత్తిరించి రెండు కొసలూ పట్టుకుంటున్నాను.

వేలు చెప్పనిది చెవి చెబుతుందని ఇప్పుడు నేర్చుకున్నాను. నాలుగు పలకల చెక్కముక్క తిరుగుతున్నప్పుడు ఉలి తగిలిస్తే టకటకమంటుంది. అంచులు పోతున్నకొద్దీ ఆ టకటక దగ్గరవుతుంది, పలచబడుతుంది, ఒక్కసారిగా ఆగిపోతుంది. ఆగిందంటే గుండ్రం అయిందన్నమాట. స్క్యూ ఉలి వాలు సరిగా ఆనినప్పుడు, పాలు పొంగడానికి ముందు గిన్నెలోంచి వచ్చే సన్నటి చప్పుడులాంటిది వస్తుంది. వాలు లేచిందంటే గరగర. ఈ చప్పుళ్లన్నీ అప్పుడూ ఉండేవి. మనం పాత పాటలు పెట్టుకుని పనిచేసేవాళ్లం, వినలేదు. ఇప్పుడు షెడ్డులో రేడియో పెట్టను. కింద కోచింగ్ సెంటర్ల సందులో పిల్లల గోల, సాయిబాబా గుడి వైపు నుంచి వచ్చే రద్దీ, అన్నిటి మధ్యా ఆ ఒక్క చప్పుడు పట్టుకుంటాను. నమ్మకం కుదరనప్పుడు డిజిటల్ వెర్నియరు ఉంది. మిల్లీమీటరులో వందో వంతు చూపిస్తుంది, దానికి తిమ్మిరి లేదు.

చెక్క విషయంలోనూ మారాను. టేకూ, రోజ్‌వుడ్డూ పక్కన పెట్టి ముందుగా వేప పట్టాను. మన తెలంగాణలో 2021 చివర్లో వేపచెట్లు కొసల నుంచి ఎండిపోవడం చూశావు కదా, శిలీంధ్రం తెగులు అన్నారు. మా వీధి మొగలో చెట్టుకీ వచ్చింది, మర్నాడే చచ్చిపోతుందన్నట్టు కనిపించింది, మళ్లీ చిగిర్చింది. ఎండిన కొమ్మలు కొట్టినప్పుడు నేను రెండు తెచ్చి పడేశాను, అవి నా జబ్బు రోజులన్నీ షెడ్డులోనే ఆరాయి. వేపలో గీత కాస్త అల్లుకుని ఉంటుంది, ఉలి నూరి ఉండాలి. కాని మరీ గట్టిది కాదు, నా బలానికి సరిపోయింది. మొదటి పెన్ను ఆ వేపతోనే. ఏడు మిల్లీమీటర్ల రంధ్రం, ఇత్తడి గొట్టం, మాండ్రెల్, బుష్‌లు, మనకి కంఠతా వచ్చిన స్లిమ్‌లైన్ బాల్‌పెన్ కిట్టే. ఫిజియోథెరపీ అమ్మాయికి ఇచ్చాను. కేసు షీట్లు దాంతోనే రాస్తోంది.

పూతకి ఇప్పుడు సూపర్‌గ్లూ వాడడం లేదు. ఆ ఆవిరి కళ్లకీ గొంతుకీ పడదు నాకు. దానికి బదులు లక్క. మనం ఏటికొప్పాక వెళ్లినప్పుడు చూశాం కదా, అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున. తిరుగుతున్న అంకుడు కర్రకి లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికే అది కరిగి కర్రని పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే మెరుపు. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల లాంటివే రంగులు. వాళ్ల బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ రంగుల కోసం ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. అప్పుడు మనం బొమ్మలు కొనుక్కుని వచ్చేశాం. జబ్బు పడ్డాక నాకు ఆ పనితనంలోని తెలివి వేరేగా కనిపించింది. అంకుడు తేలిక, మెత్తన, గీత సన్నన, బలహీనపు చేతిని ఎదిరించదు. లక్కకి డబ్బాలక్కర్లేదు, ఆరేదాకా ఆగక్కర్లేదు. మనం వీడియోలు చూసి అమెరికా పద్ధతులు నేర్చుకున్నాం, అవి మంచివే. మన ఊళ్లలో ఉన్నది కూడా సరిసమానంగా మంచిదని నా చెయ్యి చెబితే గాని నేను ఒప్పుకోలేదు.

ఇంతకీ నేను నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇది. ఆ వేప పెన్నుతో నేనే రాయలేకపోయాను. స్లిమ్‌లైన్ లావు ఎనిమిది మిల్లీమీటర్ల పైచిలుకు. నా వేళ్లు దాని చుట్టూ బిగుసుకోవు. బాల్‌పెన్ను నిలబెట్టి పట్టాలి, నొక్కాలి, గోళీ తిరిగితేనే సిరా దిగుతుంది. ఒక పేరా రాస్తే ముంజెయ్యి లాగేస్తుంది. బ్యాంకులో సంతకం పెట్టడానికి కూడా కష్టపడుతున్నప్పుడు, మా నాన్న వాడిన పాత ఎబొనైట్ పెన్ను బీరువాలోంచి తీసి కడిగి సిరా పోశాను. లావుపాటి రాజమండ్రి పెన్ను. కాగితం మీద ఆనించాను, అంతే, రాసింది. ఇంకు పెన్నుని నొక్కక్కర్లేదు. పాళీ చీలికలోంచి సిరా తనంతట తాను దిగుతుంది, కాగితమే పీల్చుకుంటుంది. చెయ్యి చేయాల్సిందల్లా నడిపించడమే. ఈ ఉత్తరమంతా దాంతోనే రాస్తున్నాను, నా అక్షరాలు ఎలా ఉన్నాయో చూస్తున్నావు కదా.

ఇన్నేళ్లు మనం పెన్నులు చేశాం, బంధువులకి ఇచ్చాం, గృహప్రవేశాలకి ఇచ్చాం. ఎవరి చేతికి ఎంత లావు కావాలని ఒక్కసారైనా అడిగామా? కిట్టులో బుష్ ఎంతుంటే అంత. నేను ఇప్పుడు చేయదలచుకున్నవి ఇంకు పెన్నులు, కిట్టు లేనివి, ఎబొనైట్‌తో. పట్టుకునే చోట పన్నెండు పదమూడు మిల్లీమీటర్లు. ఫిజియోథెరపీకి వచ్చేవాళ్లలో పక్షవాతం వచ్చిన మాస్టారు ఒకాయన ఉన్నారు, కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయిన ఒకావిడ ఉన్నారు. ఇద్దరూ రాయడం మానేశారు. వాళ్ల చేతిని వెర్నియరుతో కొలిచి వాళ్లకి సరిపడా చేస్తాను. అమ్మడానికి కాదు.

ఎబొనైట్ నా చేతికి బాగా పడింది. రబ్బరులో మూడో వంతు దాకా గంధకం కలిపి గంటల తరబడి ఉడికిస్తే వచ్చే గట్టి పదార్థం అది. ఉలి తగిలితే పొడి రాలదు, పొడుగ్గా నల్లటి రిబ్బన్లు వస్తాయి, షెడ్డంతా గంధకం వాసన. ఎండు చెక్కలా చటుక్కున పగలదు. వేడెక్కితే మెత్తబడుతుంది కాబట్టి నెమ్మదిగా చేయాలి, నాకు కావలసిందీ ఆ నెమ్మదే. ఒంటికి తగిలితే చల్లగా ఉండదు, లోహం పట్టుకుంటే జివ్వుమనే నా వేళ్లకి అది హాయి. సరాసరి బ్యారెల్‌లోకే ఫిల్లరుతో సిరా పోసుకోవచ్చు, మరకి కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే కారదు.

ఈ విద్య మనదే కూడా. కోసూరి వెంకట రత్నంగారు రాజమండ్రిలో పూర్తి స్వదేశీ పెన్ను చేయాలని పట్టుబట్టి చేసి, కుమారప్పగారి ద్వారా గాంధీకి పంపితే, విదేశీ పెన్నులకి ఇది మంచి ప్రత్యామ్నాయమని గాంధీ 1935 జూలై 16న ఆయనకి ఉత్తరం రాశారు. ఆ ఊళ్లోనే 1946లో గైడర్ పెన్నుల సంస్థ మొదలైంది. మన హైదరాబాద్‌లో దక్కన్ పెన్ స్టోర్స్ 1928 నుంచి ఉంది. అబిడ్స్ కొట్లో పాళీ చూపించి, కాగితం మీద రాయించి, నా చెయ్యి పట్టే తీరు గమనించి ఏది నప్పుతుందో చెబుతారు. నేను వెళ్లి చాలాసేపు కూర్చున్నాను. పెన్నుల గురించి ఇంత శ్రద్ధగా మాట్లాడేవాళ్లు ఉన్నారని చూస్తే కడుపు నిండింది.

ఇప్పుడు నాకు అడ్డుపడుతున్నది మర. మామూలు మరతో క్యాప్ చేస్తే తీయడానికి ఆరేడు చుట్లు తిప్పాలి. నా వేళ్లకి అది ఒక పెద్ద పని, ఆ మాస్టారికి అసలు కాదు. మూడు దారుల మర వేస్తే రెండు చుట్లలో ఊడి వస్తుంది. 13 మిల్లీమీటర్లు, 0.8 పిచ్, మూడు దారులది. ఒక్క చుట్టుకి 2.4 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఆ ట్యాపూ డైయూ రాణిగంజ్ అంతా అడిగాను, దొరకలేదు. అక్కడ పెన్నులు చేసేవాళ్ల కోసం అమ్ముతారు, నీకు తెలిసే ఉంటుంది.

చేతుల సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. ఎడమ చిటికెన వేలు ఇంకా పూర్తిగా మడవదు. సాయంత్రానికి కాళ్లు బరువెక్కుతాయి. గంట పనిచేస్తే మరో గంట పడుకోవాలి. అలసట ఈ జబ్బుతో చాలాకాలం ఉంటుందని డాక్టరు ముందే చెప్పారు. అలిసిన రోజు లేత్ ముట్టుకోను, ఉలులు నూరుకుంటాను, లేదా సిరా పోసుకుని ఊరికే రాస్తాను. అయినా మొదట్లో ముద్ద పిసికిన చేతికీ ఇప్పటి చేతికీ చాలా తేడా ఉంది. పోయిన వారం ఫిజియోథెరపీ అమ్మాయి రాసి ఇచ్చిన రిపోర్టులో పట్టు పెరిగిందని ఉంది. లేత్ వల్లేనా అంటే నరాలు వాటంతట అవి కూడా పెరిగాయి, ఏది ఎంతో విడదీసి చెప్పలేం. నాకు తెలిసిందల్లా, ముద్ద పిసికేటప్పుడు గడియారం వైపు చూసేవాణ్ణి, లేత్ ముందు కూర్చుంటే గడియారం గుర్తుకురాదు.

నువ్వు అక్కడ గరాజ్ ఖాళీగా ఉందన్నావు, పని మానేసి మూడేళ్లయిందన్నావు, చేసేందుకు తోడు లేదన్నావు. తోడు నేనున్నాను కదరా. అక్కడ శనివారం పొద్దున్న ఇక్కడ సాయంత్రం, వీడియో పెట్టుకుని ఎవరి లేత్ ముందు వాళ్లం కూర్చుందాం. నీకు కొత్తది కొనే ఉద్దేశం ఉంటే చిన్నదే కొనుక్కో. మన లేత్‌లో నీ సగానికి డబ్బు కావాలంటే పంపిస్తాను, మొహమాటపడకు, కాని మిషన్ మాత్రం ఇక్కడే ఉంటుంది.

సంక్రాంతికి వస్తున్నావు కాబట్టి రెండు పనులు చెయ్యి. ఆ ట్యాపు, డై తీసుకురా. దాంతోపాటు జోవో కంపెనీ 6 నంబరు పాళీ హౌసింగ్‌కి సరిపడే 7.4 మిల్లీమీటర్ల, 0.5 పిచ్ ట్యాపు కూడా. చెక్-ఇన్ సామానులో పెట్టు, చేతి సంచిలో పెడితే తీసేసుకోవచ్చు. రెండోది, నీ టికెట్టులో మనకోసం మూడు రోజులు ఉంచు. రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నకి రాజమండ్రిలో దిగుతాం. రత్నం వాళ్ల దగ్గరికీ గైడర్ వాళ్ల దగ్గరికీ వెళ్లి, వాళ్లు ఎబొనైట్‌కి మర ఎలా వేస్తున్నారో పక్కన కూర్చుని చూడాలని ఉంది. నా ఒక్కడితో ప్రయాణానికి మీ చెల్లెలు ఒప్పుకోదు, నువ్వుంటే ఒప్పుకుంటుంది. తేదీలు ఖాయం చేసి ఈ వారంలోనే చెప్పు, రిజర్వేషన్ నేను చేయిస్తాను.

నీ
బామ్మర్ది